మూడు నీలి గీతలు

2016 ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం. ల్యాబ్‌లో ఫోన్ మోగింది. గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ అతను.

"మేడమ్, మీ కోసం ఎవరో వచ్చారు. డిండి నుంచట. అన్ననని చెబుతున్నాడు. పంపమంటారా?"

నా గుండెల్లో రాయి పడ్డట్టయింది. హైదరాబాద్‌లో ఆ పరిశోధనశాలలో చేరి నాలుగేళ్లవుతున్నా అన్న ఏనాడూ లోపలికి రాలేదు. ఎప్పుడొచ్చినా ఇమ్లీబన్ బస్టాండుకు నన్నే రమ్మని, అమ్మ కట్టిచ్చిన సంచి చేతిలో పెట్టి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయేవాడు. పైగా అంతకుముందు పది రోజుల్లో అన్న ఆరేడుసార్లు ఫోన్ చేశాడు. నేను ఒక్కటీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో తర్వాత చెబుతాను. చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

గేటు దగ్గరికి పరుగెత్తాను. అన్న చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఒక చేతిలో పల్లికాయ మూట. ఇంకో చేతిలో నీలం రంగు ప్లాస్టిక్ కవరు, మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఫోన్ ఎత్తకపోతివి. ఇటే పనుండి వచ్చిన. ఒక్కసారి కనవడి పోదామని" అన్నాడు.

మా ఊరు డిండికి దగ్గర. అప్పటికి అటు నల్లగొండ జిల్లా చివర. డిండి వాగు దాటితే పాలమూరు. అమ్మ పుట్టిల్లు అచ్చంపేట వైపు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక అది నాగర్‌కర్నూల్ జిల్లాలో కలిసింది గానీ అమ్మ నోట్లో మాత్రం ఇప్పటికీ అది పాలమూరే. మాకున్నది నాలుగెకరాల చెల్క. ఎర్ర నేల. ఆ నేలకు పల్లికాయంటే ప్రాణం. శ్రీశైలం రోడ్డు మీద బస్సులో వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది, యాసంగిలో బోరు నీళ్లున్న చోట కనిపించే ఆ పచ్చని దుప్పటి.

పల్లి చెట్టంత చిత్రమైన చెట్టు ఇంకొకటి లేదని నాన్న అనేవాడు. పూత పైన పూస్తుంది. పూత రాలాక ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతుంది. కాయ మట్టిలో కాస్తుంది. ఊడ దిగేటప్పుడు నేల గట్టిగా ఉంటే కాయ లేదు. ఆ నాలుగు రోజుల్లో ఒక తడి తగలాలి. ఆ ఒక్క తడి కోసమే మా ఇంట్లో బోర్లన్నీ వేసింది.

నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయాడు. అప్పటికే అన్న ఇంటర్‌తో చదువు ఆపి నాగలి పట్టాడు. ఇద్దరినీ చదివించే స్తోమత లేదు, ఒకరినే చదివించాలంటే చెల్లెనే చదివించమని అన్నడట. ఈ మాట నాతో అన్న ఎప్పుడూ అనలేదు. అమ్మ చెప్పింది, అదీ ఏదో కోపంలో. దేవరకొండలో బీఎస్సీ, హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఫెలోషిప్ పరీక్ష రాసి పరిశోధనలో చేరాను. మా ఊళ్లో అందరికీ నేను "ఈగల మీద చదువుతున్న పిల్ల"ని. ఈగల మీద ఏం చదువుతారో ఎవరికీ అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, మొదటి రెండేళ్లు నాకూ అంతంతమాత్రమే.

ఆ ఈగలు మన వంటింట్లో మాగిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలు. బత్తాయి తోటల్లో పండును పాడుచేసే పండు ఈగ వేరు, ఇది వేరు. దీని పేరు డ్రోసోఫిలా. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ 1910లో ఎర్ర కళ్ల ఈగల మధ్య ఒక తెల్ల కళ్ల ఈగను చూసింది మొదలు వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలు దీన్ని పట్టుకు వదల్లేదు. పది రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. సీసాలో మక్కపిండి జావ పోసి పెడితే చాలు, పిల్లాపాపలతో కాపురం చేస్తుంది.

ఈగల జన్యువులకు పేర్లు పెట్టడంలో శాస్త్రవేత్తలది పెద్ద చిలిపితనం. గుండె ఏర్పడని ఈగలో దెబ్బతిన్న జన్యువుకు "టిన్‌మ్యాన్" అని పేరు పెట్టారు, పిల్లల కథలో గుండె లేని తగరపు మనిషి పేరు అది. నాకు పరిశోధనకు వచ్చిన జన్యువు పేరు "పీనట్". మా గైడ్ ఆ పేరు చెప్పగానే నవ్వేశాను. వేరుశనగ ఇంటినుంచి పారిపోయి ఇంత దూరం వస్తే ఇక్కడ కూడా అదేనా అనుకున్నాను.

అమెరికాలో థామస్ న్యూఫెల్డ్, జెరాల్డ్ రూబిన్ 1994లో దాని గురించి రాశారు. ఒక కణం రెండు కణాలుగా విడిపోయేటప్పుడు నడుము దగ్గర సన్నబడి, తాడు బిగించినట్టు బిగుసుకుని తెగుతుంది. పీనట్ జన్యువు పనిచేయకపోతే ఆ తెగడం సరిగా జరగదు. లోపల కేంద్రకాలు రెండవుతాయి, బయట కణం మాత్రం ఒక్కటిగానే మిగిలిపోతుంది. ఒకే పొట్టులో రెండు గింజలు. సూక్ష్మదర్శినిలో మొదటిసారి అలాంటి కణం చూసినప్పుడు నాకు మా ఇంటి పల్లికాయే కనిపించింది.

పీనట్ లాంటి ప్రొటీన్లను సెప్టిన్లు అంటారు. వీటి కథ ఈగలో మొదలు కాలేదు, ఈస్ట్‌లో మొదలైంది. కల్లు పులిసేది ఈస్ట్ వల్లే కదా, అదే జాతి. 1970 ప్రాంతంలో లీలాండ్ హార్ట్‌వెల్ అనే శాస్త్రవేత్త విభజన మధ్యలో ఆగిపోయే ఈస్ట్ కణాలను ఏరి పట్టుకున్నాడు. వాటిలో కొన్నింట్లో చెడిపోయినవి ఈ సెప్టిన్ల జన్యువులే. కణ విభజన మీద చేసిన కృషికి ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. మన ఒంట్లో సెప్టిన్ జన్యువులు 13 ఉన్నాయి. ఈగలో 5.

నా పని వినడానికి చిన్నది. పీనట్ ప్రొటీన్‌ను శుద్ధంగా తయారుచేసి, దాని పోగులు ఎలా అల్లుకుంటాయో చూడాలి. ఈగల నుంచి నేరుగా తీయవచ్చు. 1996లో క్రిస్టీన్ ఫీల్డ్, ఆమె సహచరులు ఈగ పిండాల నుంచి తీసి చూపించారు కూడా. కానీ గోరంత ప్రొటీన్ కోసం కొండంత ఈగ గుడ్లు పోగుచేయాలి. అందుకే దగ్గరి దారి, బాక్టీరియాతో చేయించడం. బాక్టీరియా కడుపులో ప్లాస్మిడ్ అనే గాజు లాంటి గుండ్రటి డీఎన్ఏ ముక్క ఉంటుంది. దానిలో మనకు కావలసిన జన్యువును అతికించి లోపలికి పంపితే, అది తనదే అనుకుని ఆ ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టు.

నేను పీనట్ జన్యువు ఒక్కదాన్నే ప్లాస్మిడ్‌లో పెట్టి బాక్టీరియాకు ఇచ్చాను. అది కుప్పలుగా చేసింది. చేసిందంతా ఉండలు కట్టి నలుసులా అడుగుకు దిగిపోయింది. మళ్లీ చేశాను. వేడి తగ్గించాను, ఉప్పు మార్చాను, రకరకాల బాక్టీరియా తెచ్చాను. పద్నాలుగు నెలలు. ప్రతిసారీ అదే. గొట్టం అడుగున తెల్లటి ముద్ద, పైన ఒట్టి నీళ్లు.

ఏడ్చిన రోజులున్నాయి. చివరికి తప్పెక్కడుందో అర్థమైంది. ఈగలో పీనట్ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. సెప్టిన్-1, సెప్టిన్-2 అనే మరో రెండింటితో జత కడుతుంది. ఒక్కొక్కటి రెండేసి చొప్పున ఆరు వరుసగా చేతులు పట్టుకుంటాయి. ఆ ఆరింటి కట్టలు ఒకదానికొకటి తగిలి పోగులవుతాయి. కాబట్టి మూడింటినీ ఒకే బాక్టీరియాలో ఒకేసారి పుట్టించాలి. పుట్టగానే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఉండ కట్టవు.

ఆ పని అప్పటికే ఫ్రాన్స్‌లోని మర్సేలో మనోస్ మావ్రాకిస్, ఆయన సహచరులు చేసి 2014లో నేచర్ సెల్ బయాలజీ పత్రికలో ప్రచురించారు. రెండు ప్లాస్మిడ్లు ఒకే బాక్టీరియాలో. ఒక దాంట్లో రెండు జన్యువులు పక్కపక్కన, మూడోది ఇంకో దాంట్లో. రెండు ప్లాస్మిడ్లకూ రెండు వేరువేరు యాంటీబయాటిక్‌లను తట్టుకునే శక్తి ఇస్తారు. ఆ రెండు మందులూ కలిపిన గంజిలో బతికి బయటపడ్డ బాక్టీరియాలో రెండూ ఉన్నట్టే లెక్క. ఇలా తయారుచేసిన ప్లాస్మిడ్లను దాచి, అడిగిన పరిశోధకులకు పంపడానికి అమెరికాలో యాడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది, 2004 నుంచి. విత్తనాల బ్యాంకు లాంటిది. అటువంటి వాటిని తెప్పించుకుందామన్నారు మా గైడ్.

తెప్పించుకోవడమంటే సంతకాలు. పంపేవాళ్లకు, పుచ్చుకునేవాళ్లకు మధ్య ఒప్పంద పత్రం. దాని మీద నా సంతకం, గైడ్ సంతకం, ఆఫీసు సంతకం. దిగుమతి కాగితాల మీద ఇంకొన్ని. ప్రతి కాగితం పట్టుకుని నేనే మెట్లెక్కి దిగేదాన్ని. ఏ సంతకమూ రెండో రోజుకు ఆగనివ్వలేదు. ఆ చురుకుతనం గురించి తలుచుకున్నప్పుడల్లా ఇప్పుడు మనసు కలుక్కుమంటుంది.

ఎందుకంటే సరిగ్గా ఆ నెలల్లోనే ఊళ్లో అన్న కూడా ఒక సంతకం కోసం చూస్తున్నాడు.

2014లో వానలు సరిగా లేవు. 2015లో అసలే లేవు. డిండి ప్రాజెక్టు అడుగు కనిపించింది. మా చెల్కలో అప్పటికి ఆరు బోర్లు. ఆరింటిలో ఒక్కటి దోసెడు నీళ్లు పోసేది, అదీ కరెంటున్న పూట. ఏడోది వేశాడు. దుమ్ము లేచింది. పల్లికి ఊడలు దిగే వేళకు తడి లేక చేను చేనే ఎండిపోయింది. పొట్టేళ్లు మేయడానికి కూడా పనికిరాలేదని అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పు ఎంతయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు నెలకు పాతిక వేల ఫెలోషిప్. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఏడాది ఏడు నెలలుగా ఒక్క రూపాయి రాలేదు. ఫైలు ఎక్కడో ఒక బల్ల మీద ఉందనేవారు. హాస్టల్ మెస్సుకు అప్పు, స్నేహితురాలి దగ్గర అప్పు. అన్న ఫోన్ చేస్తే డబ్బే అడుగుతాడనుకున్నాను. లేదని చెప్పే ధైర్యం లేదు. ఇంత చదివి చేతిలో ఐదువేలు లేవంటే నమ్ముతాడా? నమ్మినా నాకే తలవంపులు. అందుకని ఎత్తడం మానేశాను. స్క్రీన్ మీద "అన్న" అని పేరు వెలుగుతుంటే ఫోన్ బోర్లా తిప్పి పెట్టేదాన్ని. అదీ సంగతి.

ప్లాస్మిడ్లు వచ్చాయి. చిటికెన వేలంత గొట్టంలో జిగురు గంజి, దానిలో సూదితో పొడిచినట్టు ఒక తెల్లటి గీత. ఆ గీతే బాక్టీరియా. పెంచాను. ఆ బాక్టీరియాకు ప్రొటీన్ చేయమని సైగ చేసే రసాయనం ఒకటుంది, ఐపీటీజీ అంటారు. అది వేసి, 17 డిగ్రీల చలిలో రాత్రంతా ఊపుతూ ఉంచాను. చలిలో బాక్టీరియా నిదానంగా పనిచేస్తుంది. నిదానంగా చేస్తేనే ప్రొటీన్ సరిగా ముడుచుకుంటుంది. బయట నలభై డిగ్రీల ఎండ. ఊళ్లో అమ్మ, అన్న ఆ ఎండలో ఉన్నారు. నేను బాక్టీరియాను చల్లగా చూసుకుంటున్నాను.

అన్న గేటు దగ్గరికి వచ్చింది అది జరిగిన మూడో రోజు. ముందురోజు రాత్రే నాకు ఫలితం కనిపించింది. అందుకేనేమో, అన్నను చూసిన భయం ఒక నిమిషమే ఉంది. ఆ తర్వాత చిన్నపిల్లలా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

తలుపు దగ్గర చెప్పులు విడవబోయాడు. వద్దన్నాను. పల్లికాయ మూట ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు ఈగల గదికి తీసుకుపోయాను. వరుసగా వందల సీసాలు.

"వీటికి తిండేం పెడ్తరు?"

"మక్కపిండి, చక్కెర, ఈస్టు."

"మంచిగనే మేపుతున్నరు" అన్నాడు. ఎకసెక్కమో, మామూలుగా అన్నాడో తెలియలేదు.

సూక్ష్మదర్శినిలో ఈగను చూపించాను. చాలాసేపు చూశాడు. ఎర్రటి కళ్లు, పొట్ట మీద చారలు. "ఇంత చిన్నదాని లోపట గూడ ఇంత పనితనముందా" అన్నాడు. ప్లాస్మిడ్ గురించి చెబితే వెంటనే పట్టేశాడు. "బీటీ పత్తి ఇత్తనం లెక్కనా?" అన్నాడు. 2002లో అనుమతి వచ్చాక మా వైపు బీటీ పత్తి వేయని రైతు లేడు. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలోకి ఎక్కించారని అన్నకు ఎవరూ పాఠం చెప్పలేదు, విత్తనాల దుకాణంలో విని తెలుసుకున్నాడు. అక్కడ బాక్టీరియాది పత్తిలోకి, ఇక్కడ ఈగది బాక్టీరియాలోకి, అంతే తేడా అన్నాను.

"దీంతోని ఏమొస్తది? మందైతదా?"

ఈ ప్రశ్నకు అందంగా జవాబు చెప్పడం మాకు నేర్పిస్తారు. అమ్మ రోజూ పొడుచుకునే ఇన్సులిన్ గురించి చెప్పాను. ఒకప్పుడు దాన్ని పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవారు. 1978లో మనిషి ఇన్సులిన్ జన్యువును బాక్టీరియాలో పెట్టి చేయించారు, 1982లో మందుగా వచ్చింది. దానికీ రెండు గొలుసులుంటాయి. మొదట్లో ఒక్కో గొలుసును ఒక్కో బాక్టీరియాలో విడివిడిగా చేసి తర్వాత గొట్టంలో కలిపారు. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఇదే విద్యను ఈస్ట్‌లో వాడి కామెర్ల జబ్బుకు, అంటే హెపటైటిస్-బికి, టీకా తెచ్చింది. ఊళ్లో అన్న కొడుక్కి వేయించింది ఆ జబ్బు టీకానే.

అన్న అంతా విన్నాడు. విని, "అవి సరే. నీది?" అన్నాడు.

మనిషి సెప్టిన్లలో తొమ్మిదోది పెద్దపేగు కాన్సర్‌లో మారుతుందని, రక్తంలో దాని జాడ పట్టే పరీక్ష ఉందని చెప్పబోయి ఆగిపోయాను. ఆ పరీక్షకూ నా మూడు ఈగ ప్రొటీన్లకూ మధ్య చాలా దూరం ఉంది. అన్నతో అబద్ధమాడబుద్ధి కాలేదు. "నాది మందు కాదన్న. అవుతుందో లేదో తెల్వదు. కణం ఎట్ల తెగి రెండయితదో తెలుసుకునుడు, అంతే" అన్నాను.

తల ఊపాడు. కాసేపాగి, "మన పల్లిల గూడ ఉంటదా ఈ పీనట్?" అని అడిగాడు. నేను పగలబడి నవ్వాను. చెట్లలో సెప్టిన్లే ఉండవు. పత్తిలో లేవు, వరిలో లేవు, పల్లిలోనూ లేవు. చెట్టు కణం నడుము బిగించుకుని తెగదు, మధ్యలో గోడ కట్టుకుంటుంది. పల్లి పేరు పెట్టుకున్న ప్రొటీన్ పల్లిలో మాత్రం ఉండదు. అన్న కూడా నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత జెల్ చూపించాను. ప్రొటీన్లను బరువును బట్టి వేరుచేసి రంగు వేస్తే నీలి గీతలుగా కనిపించే పల్చటి పలక అది. మూడింటిలో ఒకదానికి ఒక తోక, ఇంకోదానికి ఇంకో తోక తగిలించి ఉంటాయి. రెండు జల్లెళ్లు వరుసగా పట్టాలి. ఒక జల్లెడ మొదటి తోకను పట్టుకుంటుంది, రెండోది రెండో తోకను. రెండూ ఉన్న కట్టలు మాత్రమే చివరికి మిగులుతాయి. మూడోది ఏ తోకా లేకుండానే ఆ రెండింటి చెయ్యి పట్టుకుని వచ్చేస్తుంది. వెనక నుంచి దీపం వేసి పలకను పట్టుకున్నాను. పైన పీనట్, దాని కింద సెప్టిన్-2, ఇంకా కింద సెప్టిన్-1. మూడు నీలి గీతలు. పద్నాలుగు నెలల తర్వాత.

అన్న పలకకు దగ్గరగా వంగాడు. పొలం హద్దురాళ్లు చూసినట్టు చూశాడు.

"మూడు పాళ్లు సమంగనే వచ్చినయా?"

"వచ్చినయన్న. సమంగనే."

"ఎవరిది తక్కువ గాలే గద" అన్నాడు మెల్లగా. నాతో అన్నట్టు లేదు.

అప్పుడు చూశాను. చంకలోని నీలం కవరు జారింది. అందులోంచి స్టాంపు కాగితం అంచు, ఆకుపచ్చగా. అన్న గబుక్కున లోపలికి తోసి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. నేను చూశానని అతనికి తెలుసో లేదో. నేను అడగలేదు. అతను చెప్పలేదు. క్యాంటీన్‌లో అన్నం తిన్నాం. సాయంత్రం బస్సు ఎక్కించాను. కిటికీలోంచి, "మంచిగ చదువుకో, తిండి తిను" అన్నాడు. బస్సు వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేనే అమ్మకు ఫోన్ చేశాను.

భూమి నాన్న పేరు మీదే ఉంది. అమ్మ, అన్న, నేను ముగ్గురం వారసులం. రోడ్డు వైపు రెండెకరాలు అమ్మితే అప్పు తీరుతుంది. కొనేవాళ్లు సిటీవాళ్లు. ముగ్గురి సంతకాలూ ఉంటేనే బయానా ఇస్తామన్నారు. గడువు ఆ సోమవారం. అన్న ఫోన్ల మీద ఫోన్లు చేసింది అందుకు. ఆ రోజు కాగితం పట్టుకుని వచ్చింది అందుకు.

"మరి నాకు చెప్పలేదేంది?"

"అడగబుద్ధి కాలేదట. దాని చేతుల దేనికో మంచిగయిందట, మొకం ఎలిగిపోతుందట. ఆ పొద్దున దాని పాలు అమ్ముతనని ఎట్ల చెప్పాలె అన్నడు" అంది అమ్మ.

ప్రొటీన్ల కథకు అన్నాచెల్లెళ్ల కథ అంటగట్టడం నాకు నచ్చదు. ప్రొటీన్లకు త్యాగాలు తెలియవు. కానీ ఆ రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని నేను లెక్కపెట్టింది ఒకటే. ఆ ప్లాస్మిడ్ల కోసం ఎన్ని సంతకాలు చేశాను, ఎన్ని చేయించాను.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వెళ్లాను. అన్న వాకిట్లో స్టార్టర్ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. "ఎందుకొచ్చినవ్?" అన్నాడు. "సంతకానికి" అన్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు. సోమవారం రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో మూడు గంటలు నిలబడ్డాం. అమ్మ వేలిముద్ర, మా ఇద్దరి సంతకాలు. నాన్న చిన్నప్పుడు నన్ను భుజాన ఎత్తుకుని తిప్పిన గట్టు ఆ రెండెకరాల్లోనే ఉంది. ఇప్పుడు అక్కడ ప్రహరీగోడ ఉంది, లోపల ఏమీ లేదు.

అప్పు తీరింది. పూర్తిగా కాదు. రెండేళ్లు అన్న డిండి, దేవరకొండ మధ్య ఆటో నడిపాడు. నా ఫెలోషిప్ బకాయి మొత్తం ఆ ఏడాది ఆగస్టులో ఒకేసారి పడింది. పట్టుకెళ్లి ఇచ్చాను. తీసుకున్నాడు. తీసుకోకపోతే నేను బతకలేనని అతనికి అర్థమైందనుకుంటాను. నాలుగు నెలలు ముందు వచ్చి ఉంటే ఆ రెండెకరాలు మిగిలేవా? మిగిలేవి కాదని అన్న అంటాడు. నాకు మాత్రం ఆ ఫైలు ఏ బల్ల మీద పడుకుందో చూడాలని చాలాకాలం ఉండేది.

నా పరిశోధన సాగింది. ఉప్పు తక్కువున్న నీళ్లలో మూడు సెప్టిన్ల కట్టలు పోగులుగా అల్లుకోవడం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశాను. థీసిస్ ఇచ్చాను. ఆ తర్వాత విదేశానికి వెళ్లే వీలున్నా వెళ్లలేదు. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. మా పిల్లల్లో సగం మంది ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్లు. కణ విభజన పాఠం వచ్చినప్పుడు నాలుగు పల్లికాయలు జేబులో వేసుకుని వెళతాను. ఆ ప్లాస్మిడ్లున్న బాక్టీరియాను మాత్రం ల్యాబ్ వదిలేటప్పుడు గ్లిజరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి, పేరు రాసి వచ్చాను. అక్కడే ఉంటుంది. కావలసినవాళ్లు గోరంత గీకి తీసుకుని మళ్లీ పెంచుకోవచ్చు.

మిగిలిన రెండెకరాల్లో అన్న మళ్లీ పల్లి వేస్తున్నాడు. కదిరి-6 రకం. కాయ చిన్నది, గింజ నిండుగా ఉంటుంది. యాసంగి పంట చేతికొచ్చాక ఏటా నాకొక బస్తా పంపుతాడు. బస్సు డ్రైవరుకు ఇచ్చి, ఫలానా స్టాపులో దింపమని చెబుతాడు. వేరేవాళ్ల బస్తాలతో కలవకుండా దాని మీద నల్ల రంగుతో పేరు రాస్తాడు. నా పేరు కాదు. "పీనట్ మేడం" అని. మొదటిసారి చూసి డ్రైవరు, కండక్టరు, స్టాపులో ఉన్నవాళ్లు అందరూ నవ్వారు.

మొన్న ఫిబ్రవరిలో వచ్చిన బస్తా విప్పి, ఒక కాయ ఒలిచి, ఫోన్ చేశాను.

"ఎట్లున్నయ్ కాయలు?"

"మంచిగున్నయన్న. అన్నీ రెండు గింజలే."

"మరి తెగకపోతివి గద" అన్నాడు అన్న, నవ్వుతూ. వెనక ఎక్కడో మోటారు చప్పుడు వినిపిస్తోంది. కరెంటు వచ్చిందని, మడి మళ్లించాలని ఫోన్ పెట్టేశాడు.